సప్త సముద్రాల అవతల అమ్మకో అక్క

ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర అయ్యిందంటే మా అమ్మ వీధి వసారాలోకి కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. అంబాజీపేట దగ్గర మా ఊళ్ళో ఇరుగుపొరుగు అందరికీ తెలుసు, ఆ వేళప్పుడు అమ్మని ఎవరూ కదపరు. అది అమెరికాలో ఉన్న మా పెద్దమ్మ ఫోను చేసే వేళ. ఎండాకాలమైతే అక్కడ ఉదయం పదకొండు, చలికాలమైతే పది.

"బావున్నావా?"

"బావున్నానక్కయ్యా. నువ్వో?"

"బావున్నా. వానలెలా ఉన్నాయి?"

"పర్లేదు. మందులు వేసుకుంటున్నావా?"

"ఆఁ... ఉంటాను మరి."

అంతే! పది నిమిషాలు కూడా పట్టేది కాదు. తోడబుట్టిన వాళ్ళు ఏళ్ళ తరబడి ఇలా పొడిపొడిగా మాట్లాడుకోవడం విని నాకే బెంగగా ఉండేది. ఒకే కంచంలో తిని, ఒకే చాప మీద పడుకుని పెరిగినవాళ్ళు! మధ్యలో ఒక మాట అడ్డం పడిందని నాకు తెలుసు. 2002 సంక్రాంతి వెళ్ళిన వారం మా అమ్మమ్మ పోయింది. పెద్దమ్మ ఆరో రోజుకి గానీ రాలేకపోయింది. వీధి గుమ్మంలో ఆటో దిగుతుంటే అమ్మ నలుగురిలోనూ అనేసింది, "అమ్మ ఉన్నన్నాళ్ళూ రాని దానివి, ఇప్పుడెవర్ని చూద్దామని వచ్చావు?" అని. పెద్దమ్మ జవాబు చెప్పలేదు. పన్నెండో రోజు అయ్యాక వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

మొదట పెదనాన్నగారికి పక్షవాతం వచ్చింది, ఆయన్ని వదిలి కదల్లేక రాలేదు. 2015లో ఆయన పోయారు. ఆ తర్వాత పెద్దమ్మ కిడ్నీలు పాడయ్యాయి. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఇక ఆవిడ ఇక్కడికి వచ్చే ఆశ లేదు.

"నేనే వెళ్ళొస్తానే" అంది అమ్మ ఒకరోజు, చేటలో బియ్యం ఏరుతూ. రాజమండ్రి దాటి వెళ్ళాలంటే తోడు వెతుక్కునే మనిషి!

కోరంగి రేవు నాటి నుంచీ...

నిజానికి మన గోదావరి జిల్లాల వాళ్ళకి సముద్రం దాటడం కొత్తేం కాదు. కాకినాడ దాపున ఉన్న కోరంగి ఒకప్పుడు పేరున్న ఓడరేవు. ఆ తీరం నుంచి మనవాళ్ళు రంగూన్‌కీ, మారిషస్‌కీ ఎంతమంది వెళ్ళారంటే, ఆ దేశాల్లో తెలుగువాళ్ళకి 'కోరంగీలు' అనే పేరే పడిపోయింది. వెళ్ళినవాళ్ళలో కొందరు గడించుకుని వచ్చారు. ఎందరో అక్కడే ఉండిపోయారు. వాళ్ళ కోసం ఇక్కడ రేవులో నిలబడ్డ అమ్మల సంగతి, అక్కచెల్లెళ్ళ సంగతి ఏ లెక్కల్లోనూ ఉండదు.

అలా బర్మాలో వ్యాపారం చేసి గడించిన మల్లాడి సత్యలింగ నాయకర్ గారు తన ఆస్తిని ధర్మకార్యాలకి రాసిపోయారు. కాకినాడలోని ఎమ్మెస్సెన్ ఛారిటీస్ ఆయన పేరు మీదివే. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు గారు 1920ల మొదట్లో పైచదువుకి అమెరికా వెళ్ళడానికి ఆ ఛారిటీస్ ఇచ్చిన భరోసా, మామగారు సమకూర్చిన సొమ్ము ఆధారమయ్యాయి. అంటే కోరంగి వాళ్ళ రంగూన్ డబ్బు ఒక భీమవరం కుర్రాణ్ణి అమెరికా ఓడ ఎక్కించిందన్నమాట!

ఆ తర్వాత 1965లో అమెరికా తన వలస చట్టం మార్చింది. ఫలానా దేశం వాళ్ళు ఇంతమందే రావాలన్న పాత లెక్కలు తీసేసి, చదువుకీ నైపుణ్యానికీ తలుపులు తెరిచింది. డాక్టర్లకి అక్కడ మంచి గిరాకీ. కాకినాడలో 1958లో పెట్టిన రంగరాయ మెడికల్ కాలేజీలో చదివిన వాళ్ళు ఎందరో అలా వెళ్ళారు. మా పెదనాన్నగారు 1974లో వెళ్ళారు. రెండేళ్ళకి పెద్దమ్మని తీసుకెళ్ళారు. అప్పటికి అమ్మకి ఇరవై ఏళ్ళు. కొవ్వూరు స్టేషన్లో రైలు కదులుతుంటే అక్కయ్య కిటికీలోంచి రుమాలు ఊపడం ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది అంటుంది.

ఏడాదిన్నర ఎదురుచూపు

అమ్మ మాట అనడం తేలికే. కానీ పాస్‌పోర్టు కావాలి కదా! అందుకు పేరు సరిపోవాలి. ఆధార్ కార్డులో పుట్టింటి పేరు, బ్యాంకు పుస్తకంలో మెట్టినింటి పేరు. పుట్టిన తేదీ అడిగితే "పుష్కరాల ముందేడు, కార్తీకమాసంలో" అంది. ఆ తగువులన్నీ తీరేసరికి నాలుగు నెలలు పట్టింది.

తర్వాత వీసా. కరోనా తర్వాత అమెరికా చూడ్డానికి వెళ్ళేవాళ్ళ దరఖాస్తులు గుట్టలుగా పడ్డాయి. 2022 చివర్లో మొదటిసారి వెళ్ళేవాళ్ళకి మన దేశంలో చాలాచోట్ల ఇంటర్వ్యూ తేదీ రెండేళ్ళ పైమాటే చూపించేది. రోజూ మా వారు కంప్యూటర్ ముందు కూర్చుని ఖాళీలు వెతికేవారు. చివరికి 2024 మార్చిలో హైదరాబాదులో దొరికింది. ఇది వరకు ఈ పనికి మద్రాసు పరుగెత్తాల్సి వచ్చేది. 2008లో హైదరాబాదులోనే కాన్సులేటు పెట్టారు. 2023 నుంచి అది నానక్‌రామ్‌గూడలో ఉంది.

ఏడాదిన్నర సేపూ అమ్మ గొణుగుతూనే ఉంది. "నా తోడబుట్టిన దాన్ని చూడ్డానికి మధ్యలో వీళ్ళెవరే?" అనేది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీంతో పనుంది.

ఇంటర్వ్యూలో తెలుగులో చెప్పే సౌకర్యం ఉంది. కిటికీ అవతల అధికారి "ఎందుకు వెళ్తున్నారు?" అన్నాడు.

"మా అక్కయ్యని చూడ్డానికండి. ఇరవై రెండేళ్ళయిందండి."

"తిరిగి వస్తారా?"

"ఊడ్పుల టైముకి వచ్చెయ్యాలండి. కూలీలు నేను చెప్తేనే వింటారు."

ఆయన నవ్వి, వేళ్ళు టకటకలాడించి, పాస్‌పోర్టులు ఉంచేసుకున్నాడు. ఉంచుకున్నారంటే వీసా ఇచ్చినట్టేనట. బయటికొచ్చి చెప్తే గానీ అమ్మకి తెలియలేదు.

ఇల్లు వదలడం

మా సంగతి చెప్పొద్దూ! నలభై రోజులు ఇల్లాలు ఇంట్లో లేకపోతే ఏమవుతుందో అని మొదట భయపడింది నేనే. మా అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, అమ్మాయికి పదో తరగతి మొదలవుతోంది. నేను సందేహిస్తుంటే అత్తయ్యగారే అన్నారు, "మీ అమ్మ ఒక్కత్తీ ఎలా వెళ్తుంది? నువ్వు వెళ్ళు. నా చెల్లెల్ని చూడకుండానే పోగొట్టుకున్నాను. ఆ ఉసురు నాకు తెలుసు" అని. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆవిడ నాతో ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. పిల్లలకి అన్నం, చారు పెట్టడం వచ్చింది. మా వారికి కుక్కర్ విజిల్ లెక్కపెట్టడం వచ్చింది. అంతకంటే ఇల్లేం మునిగిపోలేదు.

ఇక సర్దుడు! కోనసీమ మనిషి అక్క ఇంటికి కొబ్బరి లేకుండా వెళ్తుందా? కానీ ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, మండే గుణం ఉందని 2022 నుంచి విమానంలో సామానుగా తీసుకెళ్ళనివ్వడం లేదు. అమ్మ నమ్మలేదు. "కొబ్బరికాయ బాంబెలా అవుతుందే!" అని ఒకటే దెబ్బలాట. కరివేపాకు కూడా వద్దన్నాను. పచ్చి ఆకులు, పళ్ళు, విత్తనాలు, మాంసం ఆ దేశంలోకి రానివ్వరు. చివరికి ఆ ఏటి కొత్తావకాయ, మాగాయ, ఆత్రేయపురం పూతరేకులు, సున్నుండలు సర్దాం. ఆవకాయ జాడీ మూతకి గుడ్డ కట్టి, ప్లాస్టిక్ సంచుల్లో మూడు చుట్లు చుట్టింది. బట్టలు నలిగినా ఫర్వాలేదు గానీ నూనె చుక్క కారకూడదు.

పక్క సీటు మనిషి

మే నెల మధ్యలో మధురపూడిలో విమానం ఎక్కాం. గంటలో హైదరాబాదు. అక్కణ్ణుంచి దుబాయ్ నాలుగు గంటలు. అక్కణ్ణుంచి న్యూయార్కు మరో పద్నాలుగు గంటలు.

దుబాయ్ విమానంలో అమ్మ పక్కన రాజోలు వైపు మనిషి కూర్చుంది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. మస్కట్‌లో ఒకరింట్లో పనికట. సెలవు మీద వచ్చి తిరిగి వెళ్తోంది. మన రెండు జిల్లాల నుంచి గల్ఫు దేశాలకి ఇళ్ళల్లో పనికి వెళ్ళే ఆడవాళ్ళు ఎందరో మీకు తెలియనిది కాదు. "కూతుర్ని నాలుగేళ్ళకి చూశానండి. దగ్గరికి రాలేదండి. అమ్మమ్మ వెనక దాక్కుందండి. అలవాటయ్యేసరికి నా సెలవు అయిపోయిందండి" అంది. అక్కడ యజమాని సరేనంటేనే సెలవు. టిక్కెట్టు డబ్బులు కూడబెట్టుకుంటేనే ప్రయాణం.

అమ్మ తన సంచిలోంచి సున్నుండ తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది. దిగేటప్పుడు నాతో అంది, "దూరం వెళ్ళినవాళ్ళంతా సుఖపడ్డానికే వెళ్ళారనుకుంటాం చూడూ..." అని ఆగిపోయింది. మిగతా మాట నాకు చెప్పలేదు. ఎవరి గురించి ఆలోచిస్తోందో అడక్కుండానే తెలిసింది.

దుబాయ్‌లో వీల్‌చైర్ తెచ్చారు. టిక్కెట్టు కొన్నప్పుడే అడిగి పెట్టాం. "నాకు కాళ్ళు లేవా?" అని కోప్పడింది గానీ, ఆ విమానాశ్రయంలో నడక చూశాక నోరు మెదపలేదు. న్యూయార్కులో దిగాక కస్టమ్స్ అధికారి తినుబండారాలేమైనా ఉన్నాయా అంటే ఉన్నాయని చెప్పి, జాడీతో సహా చూపించాం. దాచకుండా చెప్తే ఇబ్బందేం ఉండదు. వాసన చూసి దగ్గి, వెళ్ళమన్నాడు!

రెండు పాత ఫొటోలు

ఎడిసన్ దగ్గర పెద్దమ్మ ఇల్లు. అన్నయ్య కారు ఆపేసరికి ఆవిడ గుమ్మంలో నడక కర్ర పట్టుకుని నిలబడి ఉంది. అమ్మ కారు దిగి నాలుగడుగులు వేసి ఆగిపోయింది. అమ్మ మనసులో ఉన్న అక్క 2002 నాటి మనిషి. పొడుగ్గా, నిండుగా, నల్లటి జడతో ఉండేది. గుమ్మంలో ఉన్నది గుప్పెడంత మనిషి. పెద్దమ్మ కూడా అలాగే చూస్తోంది. ఆవిడ చెల్లెలికి తల నెరవలేదు మరి!

"చిట్టీ... నువ్వేనటే?"

"నేనేనక్కయ్యా. నువ్వేనా?"

అంతకంటే ఏం మాట్లాడుకోలేదు. ఏడ్చుకున్నారు. మేం సామాను దించుకున్నాం.

మొదటి వారం అంతా ఇద్దరూ పాత ఫొటోలు దిద్దుకోవడమే సరిపోయింది. పెద్దమ్మ దగ్గర ఉన్న గోదావరి యాభై ఏళ్ళ నాటిది. "కాలవలు కట్టేశారా? జూన్‌లో గానీ వదలరు కదూ?" అంటుంది. అది మారలేదు. "కోటిపల్లిలో పంటు ఉందా?" ఉంది. కానీ పక్కనే రైలు వంతెన స్తంభాలు లేచాయి. "మన చెరువు గట్టు పొలం?" అది రొయ్యల చెరువైపోయింది. "మనది ఏ జిల్లా అన్నావూ?" 2022 నుంచి కోనసీమ వేరే జిల్లా. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "అయితే నేను చచ్చేదాకా తలుచుకునే ఊరు ఇప్పుడెక్కడా లేదన్నమాట" అంది.

అమ్మ దగ్గరున్న అమెరికా బొమ్మా అంతే. డాక్టరు గారి భార్య, పెద్ద మేడ, కారు. ఆ బొమ్మలో లేనివి ఒక్కొక్కటే తెలిశాయి. వెళ్ళిన కొత్తలో న్యూయార్కు క్వీన్స్‌లో ఒక్క గది ఇంట్లో ఉన్నారట. పెదనాన్నగారికి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు. మాట్లాడే మనిషి లేడు. గుడి లేదు. 1977 జులై 4న ఫ్లషింగ్‌లో వినాయకుడి గుడికి కుంభాభిషేకం జరిగిన నాడు, జనం మధ్య ఎవరో తెలుగులో "కాస్త జరగండమ్మా" అంటే పెద్దమ్మ అక్కడే ఏడ్చేసిందట. అదే ఏడాది న్యూయార్కులోనే అమెరికా తెలుగువాళ్ళ మొదటి మహాసభ జరిగింది. తానాకి పునాది పడింది అప్పుడే. పిల్లలు బడికెళ్ళాక పెద్దమ్మ ఒక ఆసుపత్రి ఆఫీసులో కాగితాలు సర్దే ఉద్యోగం పాతికేళ్ళు చేసింది. మంచు పడితే గుమ్మం ముందు పార పట్టింది తనే.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తుపాను కొట్టినప్పుడు ఇక్కడ కొబ్బరిచెట్లు వేర్లతో లేచిపోయాయి, ఎందరో పోయారు, ఫోను తీగలు తెగాయి. తాటాకు కప్పు ఎగిరిపోయి మేమంతా స్కూల్లో తలదాచుకున్నాం. "అక్కయ్య ఒక్క ఫోనైనా చెయ్యలేదు" అని అమ్మ ఎన్నోసార్లు అనేది. పెద్దమ్మ అటకమీద పెట్టె తీయించి ఒక డైరీ చూపించింది. ఆ వారమంతా రోజుకి పది పన్నెండు సార్లు మా ఊరి పోస్టాఫీసు నంబరు, అమలాపురం చుట్టాల నంబరు చేసినట్టు గీతలు గీసి ఉన్నాయి. ఒక్కటీ కలవలేదు.

ఆవకాయ జాడీ

వచ్చిన రెండో రోజే అమ్మ జాడీ విప్పి, వేడన్నంలో ఆవకాయ కలిపి, నెయ్యి వేసి ముద్ద చేసింది. పెద్దమ్మ నోటి దాకా తెచ్చి ఆపింది.

"నాకు పెట్టకూడదే చిట్టీ."

కిడ్నీలు పనిచెయ్యని వాళ్ళకి ఉప్పు విషంతో సమానం. ఒళ్ళు నీరు పడుతుంది, రక్తపోటు పెరుగుతుంది. పొటాషియం ఎక్కువ ఉన్నవి తింటే గుండెకే ప్రమాదం. అంటే కొబ్బరినీళ్ళు వద్దు, అరటిపండు వద్దు. కోనసీమ మనిషికి ఇంకేం మిగిలింది చెప్పండి! తాగే మంచినీళ్ళకి కూడా కొలత గ్లాసు.

అమ్మ మొహం చిన్నబోయింది. ముందే అడగలేదని నన్ను నేను తిట్టుకున్నాను. ఇన్నేళ్ళూ ఆదివారం ఆదివారం "మందులు వేసుకుంటున్నావా" అని అడిగాం గానీ, ఏం తింటున్నావని ఒక్కరోజూ అడగలేదు.

పెద్దమ్మే నవ్వింది. "జాడీ ఇక్కడ పెట్టు. వాసన చూస్తే ఉప్పెక్కదుగా" అంది. నలభై రోజులూ భోజనాల బల్ల మీద ఆ జాడీ మూత తీసే ఉండేది. ఆవిడ చప్పిడి పప్పూ అన్నం తింటూ మధ్యమధ్య జాడీ దగ్గరికి లాక్కునేది.

మంగళ, గురు, శనివారాలు డయాలసిస్. తెల్లవారుజామున వ్యాను వస్తుంది. అక్కడ నాలుగు గంటలు కుర్చీలో కూర్చోవాలి. ఇన్నేళ్ళూ ఒక్కత్తే వెళ్ళొచ్చింది. మేమున్నన్నాళ్ళూ అమ్మ కూడా వెళ్ళి, బయట గదిలో కూర్చుని వత్తులు చేసుకునేది. తిరిగొచ్చాక పెద్దమ్మ సొమ్మసిల్లినట్టు పడుకుంటే కాళ్ళు పట్టేది.

ఆ మాట

ఒక మధ్యాహ్నం పెద్దమ్మకి తల దువ్వుతూ అమ్మ వీసా కష్టాలు ఏకరువు పెడుతోంది. "ఏడాదిన్నరక్కయ్యా! నా అక్కని నేను చూడ్డానికి ఎవడో అనుమతి ఇవ్వాలా? నీకేం తెలుసు ఆ బాధ!"

పెద్దమ్మ మెల్లిగా అంది, "నాకు మూడు రోజులు పట్టిందే."

"ఏం మూడు రోజులు?"

"అమ్మ పోయినప్పుడు."

అప్పుడు చెప్పింది. అమ్మమ్మ పోయింది శుక్రవారం అర్ధరాత్రి. ఆవిడకి కబురందేసరికి అక్కడ శుక్రవారం సాయంత్రం. పెద్దమ్మ అప్పటికే అమెరికా పౌరురాలు. మన దేశం రావాలంటే ఆవిడకి కూడా వీసా కావాలి. ఉన్న వీసా గడువు తీరిపోయింది. పరాయి దేశం పౌరులైన మనవాళ్ళు ఎప్పుడంటే అప్పుడు వచ్చిపోయేలా ఇప్పుడు ఇస్తున్న ఓసీఐ కార్డులు అప్పటికి లేవు. అవి 2005 తర్వాత వచ్చాయి. శని, ఆదివారాలు వీసా ఆఫీసు సెలవు. ఆ రెండు రోజులూ పెట్టె సర్దుకుని కుర్చీలో కూర్చుందట. సోమవారం తెల్లవారకుండానే వెళ్ళి, మంచులో తలుపులు తీసేదాకా నిలబడింది. ఆ సాయంత్రం విమానం ఎక్కింది.

"నేను పుట్టిన ఊరికి, నా తల్లిని చూడ్డానికి, వీసా" అంది పెద్దమ్మ.

అమ్మ చేతిలో దువ్వెన అలాగే ఉండిపోయింది. "అప్పుడే చెప్పొచ్చు కదక్కయ్యా!"

"గుమ్మంలో చెప్తే సంజాయిషీ అవుతుంది. ఏళ్ళు పోయాక చెప్తే దెప్పుడవుతుంది. మధ్యలో ఎప్పుడు చెప్పను?"

చాలాసేపటికి అమ్మ అంది, "ఆ రోజు నేనన్న మాట..."

"గుర్తుందిలే. నువ్వన్నది అబద్ధం కాదుగా. అమ్మ ఉండగా నేను రావలసినన్ని సార్లు రాలేదు."

"నిజమే అయినా అనకూడదు."

"సరే. ఇప్పుడన్నావుగా, అనకూడదని. జడ వెయ్యి."

అమ్మ జడ వేసింది. రెండు వేళ్ళ లావు కూడా లేదు. చివర్న రిబ్బను ముడి వేసింది.

వీసా కోసం ఏడాదిన్నర తను కాచుకుని ఉండకపోతే ఆ మూడు రోజుల విలువ అమ్మకి తెలిసేది కాదని నాకనిపిస్తుంది. ఇక్కడ ఉండిపోయిన మనం, ఎదురుచూసేది మనమే అనుకుంటాం. వెళ్ళినవాళ్ళు మర్చిపోయారనుకుంటాం. అవతలి గట్టున కూడా ఒక మనిషి నిలబడే ఉంటుంది.

పెర్ల్ రివర్ మీదుగా

ఒక ఆదివారం అన్నయ్య కారులో న్యూజెర్సీ సరిహద్దు దాటగానే పెర్ల్ రివర్ అనే ఊరు వచ్చింది. మన సుబ్బారావు గారు 1940 నుంచి పనిచేసిన లెడర్లీ లాబొరేటరీస్ ఆ ఊళ్ళోనే ఉండేవి. ఫోలిక్ యాసిడ్ తయారీ, క్యాన్సర్ మందులు... ఆయనా, ఆయన బృందమూ చేసిన పనులు ఎన్నో. వాటిలో బోదకాలు మందు హెట్రజాన్ ఒకటి. మన గోదావరి జిల్లాల్లో ఏటా ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ మాత్ర అదే.

"మనూరి జబ్బుకి మందు ఇక్కడ చేశాడా!" అంది అమ్మ, కారు అద్దం దించి చూస్తూ.

ఆయన మళ్ళీ మన దేశం రాలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, అక్కడే కన్నుమూశారు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డని చూడనేలేదు. అన్నయ్య ఆయన కనిపెట్టిన మందుల గురించి చెప్తుంటే, వెనక సీట్లో అక్కచెల్లెళ్ళిద్దరూ శేషగిరి గారి గురించే మాట్లాడుకున్నారు.

మీరూ వెళ్తున్నారా?

మా అనుభవంలోంచి నాలుగు మాటలు:

* పాస్‌పోర్టు, ఆధార్‌లలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం ఆరు నెలల గడువు ఉండేలా జాగ్రత్తపడండి.

* వీసా ఇంటర్వ్యూలో అడిగినదానికే, నిజమే, క్లుప్తంగా చెప్పండి. వీసా పదేళ్ళకి ఇచ్చినా, అక్కడ ఎన్నాళ్ళుండాలో దిగిన చోట అధికారి ఇచ్చే తేదీని బట్టే. మామూలుగా ఆరు నెలలు ఇస్తారు.

* ఆరోగ్య బీమా లేకుండా విమానం ఎక్కొద్దు. అక్కడ ఆసుపత్రి ఖర్చు భరించలేం. ఉన్న జబ్బులకి వర్తిస్తుందో లేదో చదివి తీసుకోండి.

* మందులు చీటీతో సహా చేతిసంచిలోనే ఉండాలి. పచ్చళ్ళు మాత్రం పెద్ద పెట్టెలోనే.

* పెద్దవాళ్ళకి టిక్కెట్టు కొన్నప్పుడే వీల్‌చైర్ అడగండి. దానికి డబ్బు తీసుకోరు. భాష రాని వాళ్ళకి దారి చూపే మనిషి దొరికినట్టు.

* విమానంలో గంటా రెండు గంటలకోసారి లేచి నడవండి. మంచినీళ్ళు తాగండి. దిగిన రోజు పగటి నిద్ర ఆపుకుని ఎండలో కాసేపు కూర్చుంటే అక్కడి వేళలు తొందరగా అలవాటవుతాయి.

* అన్నిటికంటే ముందు, వెళ్ళే ఇంట్లో ఎవరికేం ఒంటికి పడుతుందో, ఎవరేం తినకూడదో అడిగి మరీ సర్దుకోండి. వెళ్ళాక చుట్టంలా కూర్చోకండి. అక్కడ పనిమనుషులుండరు. గిన్నెలు కడిగే చోట దొరికినంత కబుర్లు సోఫాలో దొరకవు.

మళ్ళీ ఆదివారం

జూన్ ఆఖరుకి వచ్చేశాం. వీడ్కోలప్పుడు ఇద్దరూ గట్టిగా ఏడవలేదు. "మళ్ళీ చూస్తామో లేదో" అన్న మాట ఇద్దరి నోటిలోనూ ఉంది. ఇద్దరూ మింగేశారు. "చేరగానే ఫోన్ చెయ్యి" అంది పెద్దమ్మ. "జాడీ మూత పెట్టుకో, బూజు పడుతుంది" అంది అమ్మ.

ఊడ్పులకి అమ్మ గట్టు మీద ఉంది, మాట తప్పలేదు.

ఇప్పటికీ ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి కుర్చీ వసారాలోకి వస్తుంది. కానీ ఫోను గంట దాటితే గానీ పెట్టరు. ఎవరి కోడలు ఏమందో, ఎవరింట్లో ఏం గొడవో అన్నీ కావాలి ఇద్దరికీ. మధ్యమధ్య దెబ్బలాడుకుంటారు కూడా. మొన్నొకరోజు అమ్మ విసురుగా ఫోను పెట్టేసింది. కంగారు పడి ఏమైందన్నాను.

"దొంగచాటుగా ఆవకాయ ముక్క చప్పరించిందట! సిగ్గులేకుండా నాతోనే చెప్తోంది. తిట్టి పెట్టేశాను" అంది. అయిదు నిమిషాలకి మళ్ళీ తనే ఫోను చేసింది.

మీకూ సముద్రాల అవతల ఒక అక్కో, చెల్లెలో, మేనత్తో ఉండే ఉంటుంది. మధ్యలో ఒక మాటో, ఒక అలకో ఉండే ఉంటుంది. వెళ్ళగలిగితే వెళ్ళండి. వెళ్ళలేకపోతే ఈ ఆదివారం ఫోనులో వానల సంగతి కాసేపు పక్కన పెట్టి, "ఇవాళ ఏం తిన్నావు?" అని అడగండి. వెళ్ళగలిగిన వాళ్ళు మాత్రం ఈ కాగితం పక్కన పెట్టి, బీరువాలో పాస్‌పోర్టు గడువు ఎప్పటిదాకా ఉందో ఒక్కసారి చూసుకోండి.